విస్తరి కనపడని వంటిల్లు: హెడ్‌లెస్ సైటుకి విజువల్ ఎడిటర్ ఎంచుకునే ముందు

మేం కట్టిచ్చిన ఒక కాలేజీ వెబ్‌సైటు మొదలైన వారానికే ఫోన్ వచ్చింది. అడ్మిషన్ల సమాచారం రాసే మేడం చేశారు. "నోటిఫికేషన్ టైపు చేసి సేవ్ కొట్టానండీ. ఇది సైటులో ఎక్కడ వస్తుంది?" అని అడిగారు. పబ్లిష్ కొడితే రెండు నిమిషాల్లో హోమ్ పేజీ మీద వస్తుందని చెప్పాను. "పబ్లిష్ కొట్టకముందు చూసుకోవడానికి లేదా? తప్పు పడితే పిల్లలందరూ చూసేస్తారు కదండీ, నాకు అదే టెన్షన్" అన్నారు.

ఆవిడ ముందున్న తెర నేను తయారు చేసిందే. శీర్షిక, ఉపశీర్షిక, చిన్న వివరణ, బటన్ మీది మాట, బటన్ లింకు, బ్యానర్ బొమ్మ, ఇలా పద్నాలుగు పెట్టెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏ పెట్టెలో రాసింది పేజీలో ఏ మూల పడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే కోడ్ నాది. ఆవిడకు తెలిసే దారే లేదు. నేను ఎంతో శుభ్రంగా అమర్చాననుకున్నది, రోజూ దానితో పనిచేసే మనిషికి చీకటి గది అయింది. విజువల్ ఎడిటింగ్ గురించి నేను పట్టించుకోవడం మొదలుపెట్టింది ఆ ఫోన్ తర్వాతే.

హెడ్‌లెస్ అనే మాట కొత్తగా వింటున్నవాళ్లకి కాస్త నేపథ్యం. మామూలు వర్డ్‌ప్రెస్ సైటులో రాసే చోటు, చూపించే చోటు ఒకే ఇంట్లో ఉంటాయి. హెడ్‌లెస్ సీఎంఎస్‌లో ఆ రెండూ వేరు కాపురాలు. (సీఎంఎస్ అంటే సైటులో పెట్టే రాతల్ని రాసి, దాచుకునే సాఫ్ట్‌వేర్.) మనం రాసింది ఒకచోట డేటాగా ఉంటుంది. సైటు ఏపీఐ ద్వారా, అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముని డేటా అడిగే దారిలో, దాన్ని తెచ్చుకుని తన పద్ధతిలో చూపిస్తుంది. అదే డేటాని మొబైల్ యాప్ కూడా తెచ్చుకోవచ్చు, ఆఫీసు ముందు గదిలో పెట్టిన టీవీ తెర కూడా తెచ్చుకోవచ్చు. జనానికి కనపడే ముఖం సీఎంఎస్‌లో ఉండదు కాబట్టి 'తల లేనిది' అన్నారు. పెళ్లిలో వంట ఒకచోట, పంక్తి ఇంకోచోట ఉన్నట్టే ఇది. వంటవాళ్లకి విస్తరి కనపడదు. పులుసులో ఉప్పు తగ్గిందని ఎవరో వచ్చి చెబితేనే తెలుస్తుంది. విజువల్ ఎడిటింగ్ అంటే ఆ వంటింటి నుంచి పంక్తి వైపు తెరిచే కిటికీ.

కంటెంట్‌ఫుల్, ప్రిస్మిక్ లాంటి సంస్థలు 2013 ప్రాంతంలో ఈ హెడ్‌లెస్ పద్ధతితో మొదలయ్యాయి. వర్డ్‌ప్రెస్ కూడా 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి పోస్టుల్ని, పేజీల్ని బయటి ప్రోగ్రాములకి ఏపీఐ ద్వారా ఇవ్వసాగింది. సరిగ్గా రెండేళ్లకి, 2018 డిసెంబరులో, 5.0తో పాటు గుటెన్‌బర్గ్ అనే బ్లాక్ ఎడిటర్ వచ్చింది. రాస్తున్నప్పుడే పేజీ ఎలా ఉంటుందో చూపించడం దాని ఉద్దేశం. అంటే ఒకపక్క డెవలపర్లు తలని వేరు చేస్తుంటే, మరోపక్క రాసేవాళ్లు ఆ తలని చూస్తూ రాసే సుఖానికి అలవాటు పడుతున్నారు. హెడ్‌లెస్ సైటుకి మారిన ప్రతి చోటా "పాతదాంట్లో కనపడేది కదా" అనే మాట వినపడటం అందుకే. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

ఒకే పేరు, నాలుగు వేర్వేరు వస్తువులు

టూల్ కోసం వెతికితే ప్రతి సంస్థా తన దగ్గర విజువల్ ఎడిటింగ్ ఉందనే చెబుతుంది. ఆ మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు సదుపాయాలున్నాయి. ఏది కావాలో మనసులో తేల్చుకోకుండా డెమోలు చూస్తే అన్నీ ఒకేలా బాగుంటాయి.

అన్నిటికన్నా చిన్నది ప్రివ్యూ. పబ్లిష్ కాని డ్రాఫ్ట్‌ని అసలు సైటు రూపంలోనే, మనకి మాత్రమే కనపడేలా చూపిస్తుంది. చూడటమే తప్ప అక్కడ మార్చడం ఉండదు. మా మేడం ఫోన్లో అడిగింది నిజానికి ఇదే. చాలా చిన్న సైట్లకి ఇది చాలు. స్ట్రాపీ లాంటి ఉచిత టూల్స్‌లో కూడా ఇది దొరుకుతుంది.

దాని తర్వాతది క్లిక్ చేసి మార్చడం. ప్రివ్యూలో ఒక వాక్యం మీద నొక్కితే, ఆ వాక్యం ఏ పెట్టెలోదో ఆ పెట్టె పక్కనే తెరుచుకుంటుంది. అక్కడ టైపు చేస్తుంటే పేజీలో మారుతూ కనపడుతుంది. శానిటీలో ప్రెజెంటేషన్ అనే భాగం, కంటెంట్‌ఫుల్‌లో లైవ్ ప్రివ్యూ, టీనాసీఎంఎస్‌లో పక్క పట్టీ ఈ కోవలోవే.

మూడోది బ్లాకుల్ని అమర్చడం. డెవలపర్ ముందే కొన్ని ముక్కలు చేసిపెడతాడు: బ్యానర్, ఫొటోల వరుస, ప్రశ్నలు-జవాబులు, ఫీజుల పట్టిక. రాసేవాళ్లు ఆ ముక్కల్ని పైకీ కిందకీ జరిపి, కొత్తవి కలిపి, పేజీని తామే కూర్చుకుంటారు. ఆస్ట్రియాలో పుట్టిన స్టోరీబ్లాక్ మొత్తం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. ప్రిస్మిక్ ఈ ముక్కల్ని స్లైసులు అంటుంది.

నాలుగోది ఖాళీ కాన్వాస్. ఎక్కడైనా ఏదైనా లాగి పెట్టవచ్చు, మధ్యలో ఎంత ఖాళీ వదలాలో, ఏ రంగు ఉండాలో కూడా అక్కడే నిర్ణయించవచ్చు. బిల్డర్ డాట్ ఐఓ, ప్లాస్మిక్ ఈ దారిలో దూరం వెళ్లాయి. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో మనం చేసుకున్న పేజీ ముక్కల్ని (కాంపోనెంట్లని) వాటిలో నమోదు చేసి, రాసేవాళ్ల చేతికి ఇవ్వవచ్చు.

డెమోలో మనసు దోచుకునేది ఎప్పుడూ నాలుగోదే. నా అనుభవంలో ఎక్కువ మందికి అవసరమైంది రెండోది, దానికి మూడోదాంట్లోంచి కొంచెం.

స్వేచ్ఛ ఎవరికి, ఎంత

ఎంపికలో అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని తీరిగ్గా చూద్దాం.

ఒక సైటులో రెండు రకాల పేజీలుంటాయి. కాలేజీ సైటులో అధ్యాపకుల పేజీలు తీసుకోండి. నూట యాభై మంది ఉంటే నూట యాభై పేజీలు. అన్నిటికీ ఒకే ఆకారం: ఫొటో, పేరు, విభాగం, చదువు, పరిశోధన. ఇక్కడ రాసేవాళ్లకి పేజీ ఆకారాన్ని మార్చే స్వేచ్ఛ ఇస్తే నష్టమే. ఒకరి ఫొటో ఎడమన, ఇంకొకరిది కుడిన, మరొకరి పేజీలో చదువు వివరాలు అసలు లేకుండా తయారవుతాయి. తర్వాత ఎవరైనా "పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుల జాబితా కావాలి" అంటే పేజీల్లోంచి ఏరుకోవాలి. ఇలాంటి పేజీలకి గట్టి పెట్టెలే మేలు, వాటి మీద క్లిక్ చేసి మార్చే సదుపాయం ఉంటే చాలు.

అదే కాలేజీలో వార్షికోత్సవం పేజీ వేరు. ప్రతి ఏడాదీ కొత్తగా ఉండాలి. ఈసారి పైన వీడియో, వచ్చేసారి ఫొటోలు, ఆ పైఏడాది ముఖ్య అతిథి సందేశం. ఆ పేజీకి డెవలపర్ కోసం వారం ఆగమనడం భావ్యం కాదు. అక్కడ బ్లాకులు కావాలి. కొత్త కోర్సు ప్రచారానికి మార్కెటింగ్ వాళ్లు నాలుగు రోజుల కోసం తయారు చేసే పేజీకైతే ఖాళీ కాన్వాస్ కూడా తప్పు కాదు.

కాబట్టి "మా సైటుకి ఏ టూల్ మంచిది" అని అడిగేవాళ్లని నేను ముందు ఒక పని చేయమంటాను. సైటులోని పేజీలన్నీ కాగితం మీద రాసి, ఒక్కో రకం ఎదురుగా దాన్ని ఏడాదికి ఎన్నిసార్లు మారుస్తారో, ఎవరు మారుస్తారో రాయండి. మా కాలేజీ విషయంలో అలా రాస్తే, పెద్ద పేచీగా అనుకున్న హోమ్ పేజీని నెలకి ఒకసారి కూడా మార్చట్లేదని తేలింది. రోజూ మారేవి నోటిఫికేషన్లు, ఫలితాలు, టైంటేబుళ్లు. వాటి ఆకారం ఎప్పుడూ ఒకటే. లాగి పెట్టే సదుపాయం కోసం ఎక్కువ డబ్బు పెట్టబోతున్న మేం అక్కడ ఆగాం.

ఖాళీ కాన్వాస్ ఇచ్చినప్పుడు కనపడని భారం ఒకటి రాసేవాళ్ల మీద పడుతుంది. ఇది మొబైల్‌లో ఎలా ఉంటుందో చూసుకోవాల్సింది వాళ్లే. రంగుల మీద అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కి శీర్షికలు సరైన వరుసలో వినపడతాయా అన్నవి కూడా వాళ్లే చూసుకోవాలి. బ్లాకుల పద్ధతిలో ఈ జాగ్రత్తలు డెవలపర్ ఒక్కసారి తీసుకుంటే అన్ని పేజీలకీ వర్తిస్తాయి. రాయడం వచ్చిన మనిషిని రాయనిస్తే చాలు, డిజైనరు కూడా అవ్వమని అడగడం వాళ్లకి మేలు చేయడం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నొక్కిన వాక్యం ఏ పెట్టెదో ఎలా తెలుస్తుంది

ఎంచుకునేవాళ్లకి లోపలి పనితీరు ఎందుకనిపించవచ్చు. కానీ మన భాషలో సైట్లు నడిపేవాళ్లకి ఇది బాగా సంబంధించిన విషయం.

పేజీలో కనపడే "అడ్మిషన్లు మొదలయ్యాయి" అనే వాక్యం బ్రౌజరుకి ఉత్త అక్షరాలు. అది ఏ డాక్యుమెంటులో ఏ పెట్టె నుంచి వచ్చిందో దానికి తెలియదు. తెలియజేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, డెవలపర్ ఆ వాక్యం చుట్టూ ఉన్న హెచ్‌టీఎమ్ఎల్ (వెబ్ పేజీ రాసే భాష) ట్యాగుకి గుర్తులు కట్టడం. కంటెంట్‌ఫుల్‌లో ఎంట్రీ గుర్తు, ఫీల్డు గుర్తు అలా పెట్టవచ్చు. స్టోరీబ్లాక్ అయితే డ్రాఫ్ట్ డేటాలో ప్రతి బ్లాకుతో పాటే ఒక ఎడిట్ గుర్తు పంపిస్తుంది, దాన్ని మనం ట్యాగుకి అతికించాలి. శ్రమ ఉంటుంది కానీ ఏం జరుగుతోందో కంటికి కనపడుతుంది.

రెండో దారిలో ఆ సమాచారాన్ని అక్షరాల్లోనే దాచిపెడతారు. 2023లో సైట్లని హోస్ట్ చేసే వెర్సెల్ సంస్థ విజువల్ ఎడిటింగ్ సదుపాయాన్ని తెచ్చినప్పుడు ఈ పద్ధతి బాగా వ్యాపించింది. శానిటీ, డాటోసీఎంఎస్ వంటివి దీన్ని వాడతాయి. డెవలపర్లు స్టెగా అంటారు, రహస్యంగా రాసే విద్యకి ఇంగ్లీషులో ఉన్న పేరుని కుదించి. అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో వెడల్పు లేని అక్షరాలు కొన్నున్నాయి, తెర మీద కనపడవు. వాక్యం చివర వాటిని ఒక వరుసగా చేర్చి, ఆ వరుసలో పెట్టె చిరునామాని సంకేతంగా రాస్తారు. కంటికి వాక్యం మామూలుగానే ఉంటుంది. ఎడిటర్ మాత్రం ఆ తోకని చదివి ఎక్కడికి వెళ్లాలో తెలుసుకుంటుంది. ట్యాగులకి గుర్తులు కట్టే చాకిరీ దాదాపు పోతుంది.

తెలివైన ఉపాయమే, కానీ తోక ఉన్నంతసేపూ ఆ మాట పాత మాట కాదు. మా కోడ్‌లో బ్యానర్ అక్షరాలు మధ్యలో రావాలా, ఎడమకి రావాలా అని చెప్పే ఒక పెట్టె ఉండేది. అందులోని మాట 'సెంటర్' అయితే మధ్యలో పెట్టమని రాశాను. ప్రివ్యూలో మాత్రం అన్నీ ఎడమకే వచ్చేవి. ఒక పూటంతా తల పట్టుకున్నాక తెలిసింది, ఆ 'సెంటర్' చివర కనపడని తోక ఉందని. కంప్యూటరుకి రెండు మాటలూ ఒకటి కావు. తేదీలతోనూ, లింకులతోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. వాడే ముందు తోకని కత్తిరించే ఫంక్షన్ ఆయా టూల్స్ వాళ్లే ఇస్తారు. అది వాడకపోవడం నా పొరపాటు.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక అడుగు ఎక్కువ జాగ్రత్త పడాలి. తోకలో వాడే వెడల్పు లేని అక్షరాల్లో ఒకటి మన రాతలో నిజంగా పని ఉన్న అక్షరం. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. 'హెడ్‌లెస్' అని రాసినప్పుడు డ కింద ల ఒత్తు పడకుండా ఆపేది అదే. దాన్ని తీసేస్తే 'హెడ్లెస్' అయిపోతుంది. సాఫ్ట్‌వేర్, వెబ్‌సైటు, ఫేస్‌బుక్ లాంటి మాటలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఎవరైనా డెవలపర్ తొందరలో "కనపడని అక్షరాలన్నీ తీసెయ్యి" అని సొంతంగా ఒక వరుస కోడ్ రాస్తే, ఇంగ్లీషు సైటుకి ఏమీ కాదు. తెలుగు సైటులో మాటలన్నీ ఒత్తులతో కలిసి వికారంగా తయారవుతాయి. పైగా తెలుగు చదవని డెవలపర్‌కి ఆ తేడా కళ్లెదుటే ఉన్నా పట్టదు. కాబట్టి టూల్ వాళ్లిచ్చిన ఫంక్షన్‌నే వాడమనండి. వాడాక కూడా ఇలాంటి పది మాటలు రాసి, సేవ్ చేసి, సైటులో చదివి చూడండి. అలాగే ఈ తోకలు ప్రివ్యూ దాటి జనం చూసే పేజీలోకి రాకూడదు. వస్తే పేజీ బరువు పెరుగుతుంది, ఎవరైనా వాక్యాన్ని కాపీ చేసుకుంటే తోక కూడా వెంట వెళ్తుంది.

తెలుగులో టైపు చేసి చూడండి

డెమో ఎప్పుడూ ఇంగ్లీషులోనే జరుగుతుంది. అందుకే తెలుగులో ఎలా ఉంటుందో మనమే చూసుకోవాలి.

ఒకటి టైపింగ్. మనలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకుంటాం. 'అమ్మ' అని రావడానికి నాలుగు అక్షరాలు కొడితే, పదం పూర్తయ్యేదాకా కీబోర్డు సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకునే ఉంటుంది. కొన్ని విజువల్ ఎడిటర్లు పేజీ మీదే, వాక్యం లోపలే టైపు చేయనిస్తాయి. ప్రతి కీ నొక్కుకీ పేజీని మళ్లీ గీసే ఎడిటర్ అయితే, సగంలో ఉన్న పదం చెదిరిపోయి అక్షరాలు రెండేసిసార్లు పడటమో, కర్సర్ వాక్యం మొదటికి పోవడమో జరగొచ్చు. పక్క పట్టీలో మామూలు పెట్టెలో టైపు చేసేవాటిలో ఈ బాధ తక్కువ. మీ రాసేవాళ్లు వాడే కీబోర్డుతోనే, వాళ్ల కంప్యూటరులోనే పరీక్షించాలి.

రెండోది అక్షరాల ఎత్తు. ఇంగ్లీషు శీర్షికల కోసం డిజైనర్లు వరుసల మధ్య ఖాళీని బాగా బిగిస్తారు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు. 'ప్రత్యేక విద్యార్థి సహాయ కేంద్రం' అని రెండు వరుసల్లో రాస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి, కొన్ని పెట్టెల్లో కోసేసినట్టు కనపడతాయి. నోటో సాన్స్ తెలుగులో సరిపోయింది మండలిలోనో, రామభద్రలోనో సరిపోకపోవచ్చు. ఇంగ్లీషులో రెండు మాటలు పట్టే బటన్‌లో తెలుగు మాట ఒక్కటే పట్టవచ్చు. ప్రివ్యూ అసలు సైటు ఫాంటుతో, అసలు సైటు వెడల్పులో చూపిస్తేనే ఇవి తెలుస్తాయి. సీఎంఎస్ తనకి తానుగా వేసే నమూనా బొమ్మతో తెలియవు. తెలుగు సైటుకి విజువల్ ఎడిటింగ్ షోకు కాదు, అవసరం అనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మూడోది రెండు భాషల సంగతి. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న సైటులో అనువాదం రెండు రకాలుగా దాచవచ్చు. ఒక పద్ధతిలో పేజీ ఒక్కటే, ప్రతి పెట్టెకీ రెండు భాషల్లో రెండు విలువలుంటాయి. కంటెంట్‌ఫుల్ దారి అది. ఇంకో పద్ధతిలో భాషకో పేజీ ఉంటుంది, ప్రిస్మిక్ అలా చేస్తుంది. స్టోరీబ్లాక్‌లో రెండిట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. పేజీ ఒక్కటే అయితే, ఇంగ్లీషు పేజీలో బ్లాకుని కిందకి జరిపితే తెలుగు పేజీలోనూ జరిగే అవకాశం ఉంది. ఫీజుల పట్టికకి అది మంచిది, ఎక్కడా తేడా రాదు. తల్లిదండ్రుల కోసం తెలుగులో వేరుగా వివరంగా రాయాలనుకుంటే ఆ పద్ధతి కాళ్లకి అడ్డం పడుతుంది. తెలుగు పేజీ అనువాదమా, సొంతంగా రాసిందా అన్నది ముందే తేల్చుకోవాలి. బ్లాకులన్నీ నింపాక మార్చడం చాలా కష్టం.

ఏం దాస్తున్నారు, ఎలా దాస్తున్నారు

నేను ఏ టూల్ చూసినా రెండో రోజు అడిగే ప్రశ్న ఇది: ఎడిటర్‌లో నేను చేసినదంతా చివరికి ఏ రూపంలో నిలవ ఉంటుంది?

ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాం. వర్డ్‌ప్రెస్‌లో లాగి పెట్టే పేజ్ బిల్డర్ ప్లగిన్లు చాలా వచ్చాయి. వాటిలో కొన్నిటిని తీసేస్తే పేజీ నిండా చదరపు బ్రాకెట్లలో అర్థం కాని షార్ట్‌కోడ్‌లు మిగిలేవి. రాసిన మాటలు వాటి మధ్య ఇరుక్కుని ఉండేవి. గుటెన్‌బర్గ్ కొంత నయం, హెచ్‌టీఎమ్ఎల్ మధ్యలో కామెంట్లుగా బ్లాకుల గుర్తులు పెడుతుంది, మాటలు పోవు. అయినా అదీ ఒక వెబ్ పేజీ కోసం దాచిన రూపమే, యాప్‌కి ఇవ్వాలంటే విడదీసుకోవాలి.

హెడ్‌లెస్‌కి మారడంలో ప్రయోజనమే డేటా శుభ్రంగా ఉండటం. 'శీర్షిక', 'చివరి తేదీ', 'ఫీజు' అని అర్థాన్ని బట్టి దాచితే, రేపు సైటు మారినా, యాప్ వచ్చినా అవి పనికొస్తాయి. ఖాళీ కాన్వాస్ టూల్ చాలాసార్లు దాచేది 'ఎడమ వరుస, ఇరవై పిక్సెళ్ల ఖాళీ, దాంట్లో నీలం పెట్టె, పెట్టెలో అక్షరాలు' అనే ఆకారాన్ని. చివరి తేదీ ఎక్కడుందో ఆ ఆకారంలో వెతుక్కోవాలి. అలా చేస్తే హెడ్‌లెస్‌కి కష్టపడి వెళ్లి, మళ్లీ పాత చోటికే వచ్చినట్టు. అందుకే నాకు నచ్చే అమరిక మధ్యస్థంగా ఉంటుంది. రోజూ మారే సమాచారం గట్టి పెట్టెల్లో ఉండాలి. బ్లాకులు వాటిని 'తాజా నోటిఫికేషన్లు చూపించు' అని పిలవాలి. బ్లాకు జరిగినా సమాచారం కదలకూడదు.

టూల్ నడిపే సంస్థ ఎప్పటికీ ఇలాగే ఉండదు అన్న ఎరుకతో కూడా ఇది అడగాలి. ఫారెస్ట్రీ అని ఒక ఎడిటర్ ఉండేది, 2023లో మూసేశారు, దాని బృందమే టీనాసీఎంఎస్ తెచ్చింది. ఫారెస్ట్రీ వాడినవాళ్ల రాతలు గిట్ భాండాగారంలో (ఫైళ్లనీ, వాటి మార్పుల్నీ దాచే చోట) మామూలు ఫైళ్లుగా ఉండేవి కాబట్టి ఎడిటర్ పోయినా రాతలు వాళ్ల దగ్గరే మిగిలాయి. అదే ఏడాది స్టాక్‌బిట్ అనే విజువల్ ఎడిటర్‌ని సైట్లని హోస్ట్ చేసే నెట్‌లిఫై సంస్థ కొనుక్కుంది, ఆ తర్వాత దాని పేరు మారింది. 2025లో పేలోడ్ అనే హెడ్‌లెస్ సీఎంఎస్‌ని డిజైన్ టూల్ సంస్థ ఫిగ్మా కొంది. పేలోడ్ ఎమ్ఐటీ లైసెన్సుతో వచ్చిన ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా తీసుకుని నడుపుకోగలిగే) సాఫ్ట్‌వేర్ కాబట్టి, మన సర్వర్‌లో నడుస్తున్నది ఆగదు. కొనుగోళ్లు చెడ్డవని కాదు. మన రాతలు ఒక ఎగుమతి ఫైలుగా చేతికొస్తాయా, ఆ ఫైలు తెరిస్తే మనిషికి అర్థమవుతుందా అన్నది ట్రయల్ గడువులోనే చూసుకోవాలి.

ప్రివ్యూ వెనక గొట్టాలు

ఈ భాగం డెవలపర్లకి. విజువల్ ఎడిటర్లలో ఎక్కువ శాతం మన సైటునే ఒక ఐఫ్రేమ్‌లో (ఒక పేజీ లోపల ఇంకో పేజీని చూపించే చట్రంలో) తెరుస్తాయి. సైటు, ఎడిటర్ రెండూ వేర్వేరు చిరునామాల్లో ఉంటాయి కాబట్టి బ్రౌజరులో ఉండే పోస్ట్‌మెసేజ్ పద్ధతితో మాట్లాడుకుంటాయి. పేలోడ్ లైవ్ ప్రివ్యూలో ఫారంలో కొట్టిన ప్రతి మార్పూ అలాగే పేజీకి వెళ్తుంది.

దీన్లో రెండు చోట్ల అందరూ తడబడతారు. భద్రత కోసం సైటుని ఎవరూ ఐఫ్రేమ్‌లో తెరవకూడదని సర్వర్‌లో పెట్టి ఉంటే ప్రివ్యూ తెల్లగా కనపడుతుంది. నిషేధం మొత్తం తీసేయడం తప్పు. ఫ్రేమ్ యాన్సెస్టర్స్ నియమంలో ఎడిటర్ చిరునామాని మాత్రం చేర్చాలి. రెండోది కుకీ. నెక్స్ట్ జేఎస్‌లో డ్రాఫ్ట్ మోడ్ ఒక కుకీ మీద నడుస్తుంది. ఐఫ్రేమ్ లోపల అది బయటివాళ్ల కుకీగా లెక్కకొస్తుంది, కొన్ని బ్రౌజర్లు అడ్డుకుంటాయి. సేమ్‌సైట్ విలువ నన్ అని, సెక్యూర్ అని పెట్టి, హెచ్‌టీటీపీఎస్ మీద నడిపినా సఫారీలో పనిచేయకపోవచ్చు. అప్పుడు ప్రివ్యూని వేరే ట్యాబులో తెరిచే ఏర్పాటు ఉందా అని చూడాలి. డ్రాఫ్ట్ తెరిచే లింకులోని రహస్య సంకేతాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంపకూడదని రాసేవాళ్లకి చెప్పడం కూడా మన బాధ్యతే. విడుదల కాని ఫలితాలు ఆ దారినే బయటకి పోతాయి.

డబ్బు విషయం త్వరగా చెబుతాను. ఎక్కువ టూల్స్ మనిషికి ఇంత అని నెలనెలా వసూలు చేస్తాయి. కాబట్టి రాసేవాళ్లు ఇద్దరా, ముప్ఫై మందా అన్నదాన్ని బట్టి చవకైనది మారిపోతుంది. విభాగానికి ఒకరు చొప్పున రాసే కాలేజీకి సొంత సర్వర్‌లో నడిపే పేలోడ్, స్ట్రాపీ, డైరెక్టస్ లాంటివి చూడటం మంచిది, కానీ సర్వర్‌ని చూసుకునే మనిషి జీతం లెక్కలో వేసుకోవాలి. సొంత సీఎంఎస్ ఉండి ఎడిటర్ మాత్రమే కావాలంటే, రియాక్ట్ సైట్లకి పక్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్ ఉంది. మన కాంపోనెంట్లని దానికిస్తే లాగి పెట్టే తెర వస్తుంది, ఫలితం జేసాన్ అనే మామూలు డేటా రూపంలో మన డేటాబేసులోనే ఉంటుంది.

అరగంట పరీక్ష

చివరికి మేం మూడు టూల్స్ మిగుల్చుకుని మేడంని ఆఫీసుకి రమ్మన్నాం. నేను ఏమీ చూపించనని ముందే చెప్పాను. "మొన్న మీరు నిజంగా పెట్టిన నోటిఫికేషన్‌ని దీంట్లో పెట్టండి. తర్వాత చివరి తేదీ మార్చండి. తర్వాత మొబైల్‌లో ఎలా ఉందో చూసి చెప్పండి" అన్నాను. పక్కన కూర్చుని, ఆవిడ ఎక్కడ ఆగారో, ఎక్కడ నా వైపు చూశారో రాసుకున్నాను.

నాకు బాగా నచ్చిన కాన్వాస్ టూల్‌లో ఆవిడ పన్నెండు సార్లు ఆగారు. చేయి పొరపాటున తగిలి బ్యానర్ పక్కకి జరిగింది, వెనక్కి తేవడం తెలియక కంగారుపడ్డారు. రెండోదాంట్లో తెలుగు టైపు చేస్తుంటే కర్సర్ గెంతింది. మూడోదాంట్లో పేజీ మీద తేదీని నొక్కారు, పక్కన పెట్టె తెరుచుకుంది, మార్చారు, పేజీలో మారడం చూశారు. "ఆఁ, ఇదీ!" అన్నారు. అది చూడటానికి మూడింటిలోకి సాదాగా ఉన్నది. దాన్నే తీసుకున్నాం.

ఏడాదిన్నర అయింది. నోటిఫికేషన్లకి ఫోన్లు రావడం ఆగిపోయాయి. ఇప్పుడు వచ్చే ఫోన్లు వేరు: "ఫీజుల పట్టికలో హాస్టల్‌కి ఇంకో వరుస పట్టే బ్లాకు చేసిపెడతారా? మామూలు పట్టికలో పెడితే మొబైల్‌లో తెగిపోతోందండీ, ప్రివ్యూలో చూశాను." ఆ బ్లాకు ఈ వారమే పూర్తి చేశాను.